తెల్లకర్ర, బడిపిల్లల సంచార శిక్షణ

చూపు లేని పిల్లలు, చూపు బాగా తగ్గిన పిల్లలు బడిలో ఒకరి చెయ్యి పట్టుకోకుండా తిరగడానికి నేర్చుకునే పద్ధతులను ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ శిక్షణ అంటారు. ఈ రంగంలో పనిచేసేవారి నోట అది ‘ఓ అండ్ ఎం’. తానెక్కడున్నదీ, వెళ్లాల్సిన చోటు ఎటున్నదీ గ్రహించడం అందులో ఒక సగం. దెబ్బ తగలకుండా అక్కడికి చేరడం రెండో సగం. వాడే పరికరాల్లో ముఖ్యమైనదీ చవకైనదీ తెల్లకర్ర.

ఎవరికి అవసరం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటి చూపు 3/60 కన్నా తక్కువున్నా, దృష్టి క్షేత్రం 10 డిగ్రీల లోపున్నా అది అంధత్వమే. ఈ రెండో సంగతి బడుల్లో చాలామందికి తట్టదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉన్న పిల్లవాడు నల్లబల్ల మీది అక్షరాలు చదివేస్తాడు, కాలికింద గడప మాత్రం అతనికి కనపడదు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్న కాస్త మేరే కనిపిస్తుంది. పొద్దువాలితే అదీ ఉండదు. ‘చదువుతున్నాడుగా, మరి కర్రెందుకు?’ అనే మాట ఇలాంటి పిల్లలే ఎక్కువగా పడతారు. నిజానికి పూర్తిగా చూపు లేనివారి కన్నా వీళ్లే కర్ర పట్టడానికి ఎక్కువ సిగ్గుపడతారు కూడా.

కర్ర కథ

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఇంటి చుట్టుపక్కల పెరుగుతున్న వాహనాలకు జంకి, 1921లో తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. 1930లో అమెరికాలోని పియోరియా నగరం తెల్లకర్ర పట్టినవారికి దారివ్వాలని శాసనం చేసింది. మరుసటి ఏడాది పారిస్‌లో తెల్లకర్రలు పంచే ఉద్యమం మొదలైంది. అయితే అప్పటిదాకా కర్ర పని ఎదుటివాళ్లకు కనపడడమే. పట్టుకున్న మనిషికి అది దారి గురించి చెప్పేది తక్కువ.

దాన్ని తడిమి తెలుసుకునే పనిముట్టుగా మార్చినవాడు రిచర్డ్ హూవర్. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకు పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ ఆసుపత్రిలో 1944 ప్రాంతంలో శిక్షణ ఇస్తూ, తేలికైన పొడవాటి కర్రనూ దాన్ని ఊపే పద్ధతినీ రూపొందించాడు. కర్రను పొట్ట ఎదురుగా మధ్యలో పట్టుకుని, కొనను భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ మేర అటూ ఇటూ తాకించాలి. కుడికాలు ముందుకు పడేటప్పుడు కొన ఎడమవైపు తాకాలి, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు. అలా అయితే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి ఉంటుంది. నేటికీ నేర్పేది ప్రధానంగా ఇదే.

హూవర్ అంతకుముందు మేరీలాండ్ అంధుల పాఠశాలలో ఉపాధ్యాయుడు. అయినా ఆ పద్ధతి పిల్లల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. కర్ర పట్టాలంటే పరిణతి కావాలని, ముందు గోడ పట్టుకుని నడవడం, చెయ్యి అడ్డుపెట్టుకోవడం, పెద్దల మోచేయి పట్టుకుని నడవడం వంటివన్నీ వరుసగా వచ్చి తీరాలని శిక్షకులు పట్టుబట్టేవారు. పిల్లల చేతికి కర్ర అందేసరికి చాలాసార్లు వాళ్లు టీనేజీలో ఉండేవారు. 1980లలో అమెరికాలోని ఆల్బకర్కీ ప్రభుత్వ బడుల్లో అంధ విద్యార్థుల కార్యక్రమాన్ని నడిపిన, తానూ అంధుడైన ఫ్రెడ్ ష్రోడర్ చిన్నపిల్లలకూ కర్రలిప్పించాడు. నడక వచ్చీరాని పసివాళ్లకూ కర్ర ఇవ్వవచ్చని వాదించిన సంచార శిక్షకుడు జో కటర్ పుస్తకం 2007లో వెలువడింది. ఇప్పుడు ఈ వాదనకే బలం ఎక్కువ. మూడేళ్ల పిల్ల కర్రను సూత్రం ప్రకారం ఊపదు; నేలకేసి కొడుతుంది, కుర్చీ కాళ్లను పొడుస్తుంది, గోతిలో పెట్టి కెలుకుతుంది. అది అల్లరిగా కనిపించినా, చూపున్న పిల్ల కళ్లతో చేసే పనే ఈ పిల్ల కర్రతో చేస్తోంది.

పొడవు విషయంలో రెండు పక్షాలున్నాయి. కర్ర రొమ్ము ఎముక దాకా వస్తే చాలని పాత లెక్క. గడ్డం దాకా, ఇంకా పైదాకా ఉంటేనే వేగంగా నడవగలరని అమెరికా అంధుల సంఘాల వాదన. పిల్లల విషయంలో ఈ తగవు కన్నా పెద్ద చిక్కు, వాళ్లు ఎదగడం. నిరుడు సరిపోయిన కర్ర ఈ ఏడు పొట్టిదవుతుంది.

బడి ఆవరణలో

ఆరో తరగతి అమ్మాయి తరగతి గదినుంచి మధ్యాహ్న భోజనానికి వెళ్లడాన్ని తీసుకుందాం. గుమ్మం దాటి కుడికి తిరిగితే వరండా. చేతివేళ్ల వెనకభాగం గోడకు ఆనించి నడిస్తే మూడో గుమ్మం తర్వాత గోడ ఆగిపోతుంది, అక్కడ మెట్లు. కర్ర కొన కిందికి జారితే మెట్టు అంచు తెలుస్తుంది. కిందికి దిగాక కుళాయి చప్పుడు ఎడమవైపు ఉండాలి. సాంబారు వాసన, కంచాల మోత దగ్గరపడతాయి. రేకుల షెడ్డు కిందికి రాగానే మాటల ప్రతిధ్వని మారిపోతుంది. ఇందులో గుమ్మాలు, మెట్లు ఎప్పుడూ ఉండే గుర్తులు. కుళాయి, వాసన అప్పుడప్పుడూ ఉండే ఆనవాళ్లు. రెండో రకాన్నే నమ్ముకుని దారి నేర్పితే కుళాయి కట్టేసిన రోజు అమ్మాయి ఎటో వెళ్లిపోతుంది.

ప్రతిధ్వని మారడం చిన్న విషయం కాదు. అంధులు ఎదురుగా ఉన్న గోడను ముఖంతో పసిగడతారని ఒకప్పుడు అనుకునేవారు. 1944లో ప్రచురితమైన కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రయోగాలు అది చెవుల పనేనని తేల్చాయి: చెవులు మూస్తే గోడను ముందుగా పసిగట్టడం పోయింది. అడుగుల చప్పుడు, కర్ర కొన టకటకలు గోడకు తగిలి తిరిగి రావడమే ఆధారం. అమెరికాకు చెందిన డేనియల్ కిష్ నాలుకతో ‘టక్’మని శబ్దం చేస్తూ ఈ నేర్పును సాధన చేసి, పిల్లలకూ నేర్పాడు.

కర్రకు దొరకనివి నడుముకు పైన ఉండేవి. బయటికి తెరుచుకునే కిటికీ రెక్కలున్న వరండాలో నుదుటికి దెబ్బ తగలడం మామూలే. ఐఐటీ ఢిల్లీలో రూపొంది 2014లో అందుబాటులోకి వచ్చిన స్మార్ట్‌కేన్ దీనికోసమే: మామూలు కర్ర పిడికి తగిలించే ఈ పరికరం అల్ట్రాసౌండ్ తరంగాలతో మోకాలి ఎత్తు నుంచి తల దాకా ఉన్న అడ్డంకులను గుర్తించి చేతికి ప్రకంపనగా తెలుపుతుంది. బడిలోనైతే కిటికీ రెక్కను గోడకు కొక్కెంతో బిగించడం ఇంకా చవక. ఫోన్‌లోని జీపీఎస్ వీధిలో బడి దాకా తీసుకెళుతుంది గానీ, కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి గేటు ఎక్కడో చెప్పలేదు.

అన్ని పరికరాలనూ ఓడించేది చూపున్న తోటిపిల్లల ప్రేమ. ఆ అమ్మాయి లేవగానే ఇద్దరు వచ్చి చెరో చెయ్యి పట్టుకుంటారు, కర్ర సంచిలోనే ఉండిపోతుంది. పట్టుకోవాల్సింది అంధ బాలిక, పట్టుకోనివ్వాల్సింది తోటివాళ్లు అని శిక్షకులు మొదట నేర్పేది అందుకే: మోచేతికి పైన పట్టుకుని అర అడుగు వెనక నడుస్తుంది, వద్దనుకుంటే వదిలేస్తుంది.

మన దగ్గర

భారత ప్రభుత్వ అడిప్ పథకం కింద, పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష ద్వారా పిల్లలకు కర్రలు ఉచితంగా అందుతాయి. చాలావరకు వాటిని తయారుచేసేది కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ ఆలింకో. శిబిరంలో కొలతలు తీసుకోవడం ఒకరోజు, పంపిణీ మరెప్పుడో. తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లోని భవిత కేంద్రాల్లో సహిత విద్య రిసోర్స్ టీచర్లు పనిచేస్తారు. బ్రెయిలీ, ఫిజియోథెరపీ, మానసిక ఎదుగుదల లోపాలు అన్నీ వాళ్ల నెత్తిమీదే ఉండటంతో దారి నేర్పే గంటలు మిగలడం కష్టం. పిల్లలను బడికి తీసుకొచ్చేవారికి సమగ్ర శిక్షలో ఎస్కార్ట్ అలవెన్స్ ఉంది. మంచి సాయమే, కానీ అదే బిడ్డ ఒంటరిగా రావడం నేర్చుకుంటే ఆ డబ్బు ఆగిపోతుందన్న లెక్క ఇంట్లో పడే వీలుంది.

కర్రకూ కాలికీ తగిలి దారి చెప్పే నేలమీది పసుపు పలకల పుట్టుకకు ఒక అంధుల బడితో సంబంధం ఉంది. ఆవిష్కర్త సీయిచి మియాకే రూపొందించిన వాటిని 1967 మార్చి 18న జపాన్‌లోని ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గరి కూడలిలో తొలిసారి పరిచారు. గీతలుంటే సాగిపొమ్మని, చుక్కలుంటే ఆగమని అర్థం. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో ఉన్నవి ఈ కోవవే. ఇక మార్గదర్శక శునకాలను చాలా సంస్థలు పదహారేళ్లు నిండాకే ఇస్తాయి. కెనడాలోని మీరా సంస్థ పదకొండేళ్లవారికీ ఇస్తుంది. భారతదేశంలో అవి దాదాపు లేవు.

పరుగు వేరే విషయం. కర్రతో పరిగెత్తడం కుదరదు, పరిగెత్తని పిల్లలు వంగి, కాళ్లీడ్చి నడవడం అలవాటు చేసుకుంటారు. లోపల గోళీలు గలగలలాడే ప్లాస్టిక్ బంతితో ఆడే అంధుల క్రికెట్ ఇందుకు పనికొస్తుంది. చేతిని కిందినుంచి ఊపుతూ నేలబారుగా బంతి వేస్తారు, చప్పుడును బట్టి ఫీల్డర్ కదులుతాడు. భారత అంధుల జట్టుకు సారథ్యం వహించిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఉమ్మడి గుంటూరు జిల్లావాడు. 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం అందుకున్నాడు.