చలికాలపు ఢిల్లీ, బూడిదలో కుక్క

జనవరిలో తెల్లవారుజామున ఢిల్లీ వీధుల్లోకి వచ్చినవారికి ఒక దృశ్యం పరిచయమే. రాత్రి కాపలాదారు వేసుకున్న చలిమంట ఆరిపోయి ఉంటుంది. ఆ బూడిదలో ముక్కును తోక కింద దాచుకొని, చుట్టలా ముడుచుకొని ఒక కుక్క పడుకొని ఉంటుంది. ఆ చోటే ఎందుకు? దీనికి జవాబు కొంత భౌతికశాస్త్రంలోను, ఎక్కువగా చరిత్రలోను ఉంది.

ముందు శాస్త్రం సంగతి చూద్దాం. కుక్క శరీర ఉష్ణోగ్రత దాదాపు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్, అంటే మనకన్నా కాస్త ఎక్కువ. ముడుచుకొని పడుకుంటే చలిగాలి తగిలే ఒంటి వైశాల్యం తగ్గుతుంది. వెంట్రుకల మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. అయితే మన వీధికుక్కకు బొచ్చు పొట్టి. మంచుకు తడిస్తే ఆ గాలిపొర కూడా పోతుంది. అప్పుడే పుట్టిన పిల్లలకైతే వణికి వేడి పుట్టించుకొనే శక్తి కూడా ఉండదు. సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 1935 జనవరి 16న మైనస్ 0.6 డిగ్రీలు, 2006 జనవరి 8న 0.2 డిగ్రీలు నమోదయ్యాయి. అలాంటి రాత్రి గడవాలంటే పిల్లలకు, ముసలి కుక్కలకు మనిషి వెచ్చదనంలో కొంత వాటా కావాలి.

ఈ వాటా చాలా పాతది. జర్మనీలోని బాన్ నగరం వద్ద ఓబర్‌కాసెల్‌లో 1914లో మనుషుల అస్థిపంజరాలతోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. వాటి వయస్సు సుమారు 14,000 ఏళ్ళు. అది మంచుయుగపు చివరి కాలం. ఆ పిల్లకు డిస్టెంపర్ జబ్బు చేసిందనీ, ఎవరో వెచ్చగా ఉంచి, తినిపించి సాకకపోతే అన్ని వారాలు బతికేది కాదనీ 2018లో ప్రచురితమైన పరిశీలన తేల్చింది. వేటకు పనికిరాని జబ్బుపిల్లను సాకారన్న మాట!

మన దేశంలో శ్రీనగర్ సమీపాన బుర్జహోమ్ ఉంది. అక్కడి నవీన శిలాయుగపు మనుషులు నేలలో గుంతలు తవ్వుకొని నివసించారు. చలి నుంచి రక్షణకేనని చాలామంది పురావస్తు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ గుంతల్లో బొగ్గు, బూడిద దొరికాయి. తరువాతి దశలో మనుషులతోపాటు కుక్కలను కూడా పాతిపెట్టారు. ఇక ఢిల్లీ చుట్టుపక్కలకు వస్తే, నేటి మీరట్ జిల్లాలోని హస్తినాపురం పేరు చెప్పగానే హిమాలయాల దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్క గుర్తుకు రాక మానదు. అది కథే. కానీ ఆ కథ చెప్పినవారు కుక్కను బాగా ఎరిగినవారు.

ఇప్పుడు ఆ బూడిదే తగ్గిపోతున్నది. 2017 నుంచి ఢిల్లీ ప్రాంతంలో గ్రాప్ అనే కాలుష్య నియంత్రణ ప్రణాళిక అమలులోకి వచ్చింది. గాలి చెడినప్పుడు బహిరంగ మంటలకు, హోటళ్ళ బొగ్గు తందూర్లకు అది అడ్డు చెబుతుంది. కాపలాదారులకు విద్యుత్ హీటర్లు ఇవ్వాలంటుంది. పసిపిల్లల ఊపిరితిత్తుల దృష్ట్యా ఇది సబబే. అయితే హీటరు గది లోపల ఉంటుంది, కుక్క గేటు బయట ఉంటుంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అదే కాలనీలో, మంచు దేశం నుంచి వచ్చిన దట్టమైన బొచ్చుగల హస్కీకి స్వెట్టరు తొడుగుతారు!

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమన్నది. ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబీస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగిలినవాటిని టీకా, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స తరువాత పట్టుకున్న చోటే వదలమన్నది. కాట్ల భయం నిజమైనదే. ఆ భయాన్ని తగ్గించేది టీకాయే గాని చలి కాదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. నేల చలి తగలకుండా ఒక చెక్కపలక, దానిపై పొడి గోనెసంచి లేదా వరిగడ్డి వేస్తే చాలు. నూలు దుప్పటి మంచును పీల్చుకొని తడిగానే ఉండిపోతుంది, అది వద్దు. రాత్రి వేసిన సంచిని ఉదయం ఎండలో ఆరవేయండి. కారు కదిలించే ముందు ఒకసారి వంగి కిందికి చూడండి. ఇంజను వేడికి పిల్లలు చక్రాల పక్కనే పడుకుంటాయి.