కంఠహారం వంటి ఒక సంఖ్య

'వికటకవి' అన్న మాటను ఎటునుంచి చదివినా వికటకవే. ఈ చమత్కారం ఎరుగని తెలుగువాడుండడు. పద్యపాదమంతా అలా నడిస్తే దాన్ని పాదభ్రమకమన్నారు మన లాక్షణికులు. అంకెలలోనూ ఇటువంటి భ్రమకం ఉంటుందని, వెయ్యేళ్లకు పూర్వమే ఒక గణితాచార్యుడు దాన్ని చూసి మురిసిపోయాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన మహావీరాచార్యుడు, జైనుడు. రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు క్రీ.శ. 850లో, 'గణితసారసంగ్రహం' అనే గ్రంథాన్ని సంస్కృత శ్లోకాలలో రచించాడు. గుణకారం నేర్పేచోట ఆయన ఇచ్చిన లెక్కలలో ఒకటి ఇది: 27994681ని 441తో హెచ్చవేయాలి. లబ్ధం 12345654321. ఒకటితో మొదలై ఆరు దాకా ఎక్కి, మళ్లీ వరుసగా ఒకటి దాకా దిగుతుంది. మరొక లెక్కలో 142857143ని 7తో హెచ్చిస్తే 1000000001 వస్తుంది. ఇటువంటి లబ్ధాలను ఆయన రాజులు ధరించే కంఠాభరణాలతో పోల్చాడు.

శ్లోకంలో లెక్క ఉన్నది గాని, దాన్ని కూర్చిన దారి లేదు. కాగితం మీద వెదికాను. 12345654321 అంటే 111111 యొక్క వర్గం. 111111కు కారణాంకాలు 3, 7, 11, 13, 37. మొదటి రెండింటి లబ్ధం 21. దాని వర్గం 441. మిగిలిన మూడింటి లబ్ధం 5291. దాని వర్గం 27994681. ఒక హారాన్ని రెండు ముక్కలు చేసి, శిష్యుని చేత మళ్లీ గ్రుచ్చించినట్లున్నది!

అయితే ఈ హారానికొక హద్దున్నది. తొమ్మిది ఒకట్ల వర్గం 12345678987654321. పదో ఒకటి చేర్చామా, నడుమ స్థానంలో 10 వచ్చి, అందులో ఒకటి పక్క స్థానానికి పోతుంది. లబ్ధం 1234567900987654321 అవుతుంది, హారం తెగిపోతుంది. అంటే ఈ అందం రాశిలో లేదు, దాన్ని వ్రాసే పద్ధతిలో ఉన్నది. దశాంశ స్థానవిలువ లేనిచోట ఈ పూసలకు దారమే లేదు.

మన పూర్వులు సంఖ్యను మాటలలో కూర్చేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడిచేవారు. వ్రాత ఒక దిక్కు, మాట మరొక దిక్కు. కంఠహార సంఖ్యకు మాత్రం ఆ బెడద లేదు. ఏ కొస పట్టుకున్నా ఒకటే.

మహావీరుని గ్రంథాన్ని 11వ శతాబ్దిలో తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. చదరంగపు గళ్లలో ఇబ్బడిస్తూపోయే గింజల మొత్తాన్ని, 20 అంకెల సంఖ్యను, ఇలా కుడి నుంచి ఎడమకు కూర్చిన పద్యం ఆయన పేర ప్రసిద్ధం. బడిలో మా తెలుగు మాస్టారు మల్లన పేరు చెప్పారు గాని లెక్క వేయించలేదు. లెక్కల మాస్టారు లెక్కలు వేయించారు గాని మల్లన పేరెత్తలేదు. నా తరం పోగొట్టుకున్నది ఈ రెంటి నడుమ జారిపోయింది.

అన్నీ మనవాళ్లే కనిపెట్టారని గర్జించేవారున్నారు, ఏమున్నది లెమ్మని పెదవి విరిచేవారున్నారు. ఇద్దరూ ఆ గుణకారం వేసి చూడరు. మిత్రులారా, మీరు వేసి చూడండి. కాగితం, కలం చాలు.