పసుపు సాగు (జగిత్యాల ప్రాంతం)

ఉత్తర తెలంగాణలో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల చిన్న రైతు కుటుంబాలు తరాలుగా పండిస్తున్న దుంప పంట. తొలకరికి విత్తనం వేస్తారు. పంటకాలం 8–9 నెలలు, తవ్వకం జనవరి నుంచి మార్చి వరకు. అన్నాళ్లు చేతికి డబ్బు రాదు కాబట్టి అంతరపంటగా మక్క వేయడం ఇక్కడి ఆనవాయితీ. మక్క మూడున్నర నెలల్లో ఇంటికొస్తుంది, లేత పసుపుకు నీడా ఇస్తుంది. నీరు నిలిస్తే దుంపకుళ్లు తప్పదు. అందుకే బోదెలపై నాటడం మేలు.

అసలు కష్టం తవ్విన తర్వాతే. కొమ్ములు (పిల్ల దుంపలు), మండలు (తల్లి దుంపలు) వేరుచేసి, నురగ పొంగి పుల్ల సులువుగా దిగేదాకా ఉడకబెడతారు. ఎండబెట్టాక విరిస్తే టక్కుమనాలి. పచ్చి దుంప బరువులో దాదాపు ఐదో వంతే ఎండు పసుపుగా మిగులుతుంది. ధర పడిపోతే రైతు అంతగా కుంగిపోయేది ఇందుకే. అమ్మకానికి ప్రధానంగా నిజామాబాద్ మార్కెట్‌కు తీసుకెళ్తారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ఆ నగరంలోనే మొదలైంది.

ఇదే ప్రాంతంలో శ్రీరామసాగర్ కాకతీయ కాలువ కింద మాత్రం పసుపు కన్నా వరిదే పైచేయి. పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన ‘జగిత్యాల సన్నాలు’ పేరున్న వరి రకం.