పొట్టి లింకుల చిక్కులు: అడ్రసు కనబడకపోతే నష్టం ఏమిటి?

వెబ్ పేజీకి ఉన్న పొడవాటి అడ్రసుకు బదులు కొద్ది అక్షరాల అడ్రసు పెట్టడాన్ని లింకు కుదింపు అంటారు. టైనీయూఆర్ఎల్ 2002లో, బిట్‌లీ 2008లో, గూగుల్ వారి గూ.జీఎల్ 2009లో వచ్చాయి. వాటి దగ్గరికి మనమే వెళ్లి లింకు పొట్టి చేసుకునేవాళ్లం. ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) 2010లో టి.కో తెచ్చి, మరుసటి ఏడాదికల్లా మనం అడగకపోయినా ప్రతి లింకునూ దాని గుండానే పంపడం మొదలుపెట్టింది. అసలు అడ్రసు పదిహేను అక్షరాలే అయినా అక్కడ ఇప్పుడు 23 అక్షరాలుగా లెక్క.

తెలుగువాళ్లకు ఈ కుదింపుతో అవసరం ఉందన్నది ముందు ఒప్పుకోవాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. అడ్రసును కాపీ చేస్తే ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిసి 3 అక్షరాలుగా మారుతుంది. ‘ఊత్తంగరై’లో వత్తు, సున్న, గుణింతం అన్నీ విడదీస్తే 8 గుర్తులు, అడ్రసులో అవి 72 అక్షరాలు. ‘హోసూరు’ 54 అవుతుంది, అదే ఇంగ్లీషులో 5తో సరి. తమిళానిదీ ఇదే అవస్థ. తెలుగు వికీపీడియా పేజీ లింకు పంపితే అవతలివాళ్లు ఏదో వైరస్ అనుకుని భయపడటం మామూలే. వికీమీడియా 2019లో తన పేజీల కోసమే సొంత పొట్టి లింకుల సేవ పెట్టుకుంది.

అయితే పొట్టి లింకులో ఊరూ పేరూ ఉండవు. కృష్ణగిరి జిల్లా వెబ్‌సైటు అడ్రసు చివర ‘నిక్.ఇన్’ ఉంటుంది, అది చూసి సర్కారుదేనని పోల్చుకోవచ్చు. కుదించాక జిల్లా కలెక్టరేటు లింకూ, ‘కరెంటు బిల్లు బాకీ, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం’ అని బెదిరించే మోసగాడి లింకూ ఒకేలా కనబడతాయి. ముందుగా నమోదు కాని లింకులున్న ఎస్సెమ్మెస్‌లను ఆపాలన్న ట్రాయ్ ఆదేశం 2024 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. అది వాట్సాప్‌కు వర్తించదు. ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చేవి ఎక్కువగా వాట్సాప్‌లోనే కదా. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

రెండో చిక్కు, నడుమ ఒక కావలివాడు చేరడం. ఎవరు ఎప్పుడు నొక్కారో వాడికి తెలుస్తుంది. దారి ఆపగలడు కూడా. 2023 ఆగస్టులో టి.కో గుండా న్యూయార్క్ టైమ్స్, ఫేస్‌బుక్ వంటి కొన్ని సైట్లకు వెళ్లే లింకులు సుమారు 5 సెకన్లు ఆలస్యంగా తెరుచుకున్నాయి. పత్రికల్లో వచ్చాక అది సర్దుకుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం లింకు చచ్చిపోవడం. అసలు పేజీ బతికే ఉన్నా నడుమ సేవ మూతపడితే దారి పోతుంది. గూ.జీఎల్ 2019లో కొత్త లింకులు ఇవ్వడం మానేసింది. పాతవన్నీ 2025 ఆగస్టు 25న ఆగిపోతాయని గూగుల్ 2024లో ప్రకటించింది. గడువు దగ్గరపడ్డాక, వాడుకలో ఉన్నవాటిని ఉంచుతామంది. ఎవరూ నొక్కనివి పోయినట్టే. 2014 డిసెంబరుకు ముందటి ట్వీట్లలో లింకులూ బొమ్మలూ 2023లో కొన్నాళ్లు కనబడకుండా పోయి, తర్వాత తిరిగొచ్చాయి. ‘.ఎల్‌వై’ అన్నది లిబియా దేశపు గుర్తు. 2010లో ఆ దేశం వీబీ.ఎల్‌వై అనే కుదింపు సేవ పేరునే లాగేసుకుంది.

మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఎవరూ నొక్కని పాత లింకుల్లోనే మన కాగితాలు ఉన్నాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం కింద మొదటి బ్యాచి 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చింది. తెలుగు మాధ్యమం పిల్లలకు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఆ రోజుల్లో ఉత్తర్వులూ తీర్పులూ చేతులు మారింది ఫేస్‌బుక్, వాట్సాప్‌లలోనే. ‘ఉత్తర్వు ఇదిగో చూడండి’ అని ఒక పొట్టి లింకు మాత్రం పెట్టి ఊరుకున్న పోస్టులో, ఆ లింకు పోతే మిగిలేది ‘ఇదిగో’ అన్న మాటే. ఏ ఉత్తర్వు, ఏ తేదీ? రాసినవాళ్లకే గుర్తుండదు.

కాబట్టి జీవో అయితే నంబరు, తేదీ, శాఖ పేరు. తీర్పు అయితే కోర్టు, కేసు నంబరు, సంవత్సరం, లింకు పక్కనే రాయండి. లింకు పోయినా వాటితో వెతుక్కోవచ్చు. పీడీఎఫ్ దింపుకుని పంపడం ఇంకా మేలు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేజీ అడ్రసు ఇచ్చి ఉచితంగా దాచుకోవచ్చు, కానీ అక్కడ ఇవ్వాల్సింది అసలు అడ్రసు. ఎక్స్ పోస్టు నుంచి కాపీ చేస్తే టి.కో వచ్చే వీలుంది. పేజీ తెరిచి, బ్రౌజరు పైన ఉన్న అడ్రసునే తీసుకోండి. బిట్‌లీ లింకు చివర కూడిక గుర్తు చేర్చి తెరిస్తే అది ఎక్కడికి తీసుకెళ్తుందో ముందే చూపుతుంది. పెళ్లిపత్రికల మీద మండపానికి దారి చూపే లింకు అచ్చు వేయిస్తే మటుకు పెద్ద బెంగ లేదు, ముహూర్తం దాకా అది పనిచేస్తే చాలు.