నోరు లేని కంప్యూటర్

1998 నవంబరులో మా మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ రోజుల్లోనే మా ఇంట్లో విండోస్ 98 అడుగుపెట్టింది. బొమ్మ వచ్చేది, మాట వచ్చేది కాదు. విండోస్ 95 నుంచీ కార్డు పెడితే చాలు, సిస్టమే గుర్తుపడుతుందనేవారు. పాత ఐఎస్ఏ కార్డులు వింటేగా!

మాది సౌండ్ బ్లాస్టర్ 16. డివైస్ మేనేజర్‌లో దాని పక్కన పసుపు రంగు ఆశ్చర్యార్థకం. దానికి కావలసిన ఐఆర్‌క్యూ 5లో మోడెమ్ కూర్చుంది. పెళ్ళి బంతిలో ఒకే కుర్చీకి ఇద్దరన్నమాట! మావారు మోడెమ్‌ని 10కి జరిపి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సీడీతో డ్రైవర్ మళ్ళీ ఎక్కించారు.

నాణ్యత తగ్గిస్తే నిమిషం మాట ఒక ఫ్లాపీలో పట్టేది. అత్తయ్య ఆ నిమిషమంతా అమెరికాలోని మా మరిదిని "తిన్నావా?" అనే అడిగారు. ఆవిడ పోయాక అతను నన్నడిగింది ఆ ఫ్లాపీ ఒక్కటే.