చెంబెడు నీళ్ళు

ఆ కొబ్బరిమట్ట మంటలోకి తోసి, ఇలా దగ్గరికి జరిగి కూర్చో నాన్నా. మీ బడిలో చిన్నపిల్లలచేత మొక్కలు నాటిస్తారట, సాయానికి పెద్దవాళ్ళు కావాలని కబురు పంపారట. మీ అమ్మ చెప్పింది. మా చిన్నప్పుడూ ఈ సంబరం ఉండేది. శ్రమదానం అనేవాళ్ళం.

1950లో మున్షీగారు కేంద్రంలో వ్యవసాయ మంత్రిగా ఉండగా వనమహోత్సవం మొదలుపెట్టించారు. అక్కణ్ణుంచి ఏటా జూలై వచ్చేసరికి మా ఎలిమెంటరీ స్కూలుకి వేపమొక్కలు, కానుగమొక్కలు బండి మీద దిగేవి. ఎవరో పెద్దమనిషి ఇస్త్రీ పంచెతో వచ్చి, మేం తవ్విన గోతిలో మొక్క పెట్టి, గ్లాసుడు నీళ్ళు పోసి, ఉపన్యాసం చెప్పి వెళ్ళేవాడు. వారం తిరక్కుండానే దాన్ని మేక కొరికేసేది. మరుసటేడు మళ్ళీ అదే గొయ్యి, అదే ఉపన్యాసం. ఆరంభశూరత్వం మనవాళ్ళకి కొత్తా?

మా పంతులుగారు ఈ తంతు చూసి చూసి ఒక ఏర్పాటు చేశారు. ఒక్కో మొక్కని ఇద్దరు పిల్లలకీ, ఒక పెద్దకీ అప్పగించారు. పెద్ద అంటే పంచాయతీ ప్రెసిడెంటు కాదురా, బడి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. వడ్రంగి తాత, పాలమ్మే అత్త, పొద్దస్తమానం అరుగు మీద చుట్ట కాల్చుకునే ముసలాయన. పిల్లలు ఇంటినుంచి చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యాలి. పెద్దవాళ్ళు మొక్క చుట్టూ తుమ్మకంప కట్టాలి. వేసవి సెలవులకి మేం అమ్మమ్మగారి ఊళ్ళకి పోతే నీళ్ళు పొయ్యడం కూడా వాళ్ళ వంతే. కిటుకంతా ఆ వేసవిలోనే ఉంది. నాటిన రోజు ఊరంతా వస్తుంది. రోహిణి కార్తెలో ఎవడొస్తాడు?

వాళ్ళు వచ్చారు. పక్కవాళ్ళ మొక్క తన మొక్కకంటే జానెడు ఎత్తు పెరిగిందని వడ్రంగి తాత పొద్దు పొడవకముందే పేడ ఎరువు మోసుకొచ్చాడట. పురిటిబిడ్డలా చూసుకున్నాడు దాన్ని. చుట్ట ముసలాయన మేకల్ని అదిలించడానికని అరుగు మార్చి బడి గుమ్మం దగ్గరే మకాం పెట్టాడు.

పని అయ్యాక మాకు బొరుగులు, బెల్లం పెట్టేవారు. ధర చెబితే నవ్వుతావు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి కదా, అణాకి 6, బేడకి 12, పావలాకి మాత్రం 25. పావలా బొరుగులు ఒక్కసారే కొంటే 25 పైసలు. అదే అణా చొప్పున నాలుగు విడతలు కొంటే 24! అందుకని వాటిని తేవడానికి కొట్టుకి నలుగురం వరసగా వెళ్ళేవాళ్ళం. "ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెదొకదారి" అని శెట్టిగారు మండిపడేవాడు. నువ్వు ఆవలిస్తున్నావు. సరే, బడి సంగతికే వద్దాం.

అన్ని బళ్ళూ మా బడిలా లేవు. ఇంకో ఊళ్ళో ఒక పంతులు పిల్లలచేత తన ఇంటికి నీళ్ళు మోయించుకునేవాడు, చీపురేమో కూలీల పిల్లల చేతికే ఇచ్చేవాడు. దాన్ని నేను సేవ అనను, చాకిరీ అంటాను. మా బడిలో చీపురు హాజరుపట్టీ వరసన తిరిగేది. కరణంగారి అబ్బాయి వంతు వచ్చినరోజు వాళ్ళమ్మ కయ్యానికి వచ్చింది. పంతులుగారు మారుమాట ఆడకుండా తనూ ఒక చీపురు తీసుకుని ఆ పిల్లాడి పక్కన ఊడవడం మొదలుపెట్టారు. ఆవిడ ఇంకేమంటుంది? "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఊరికే అన్నారా? అయితే ఒకటి నాన్నా, పక్కన వంగే పెద్దవాడు లేకుండా ఏ పిల్లా వంగదు.

నేను పెద్దయ్యాక నాకూ ఆ వంతు వచ్చింది. 1977 నవంబరు 19న తుఫాను దివిసీమ మీద పడి, ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళనే ముంచేసింది. వేలమంది పోయారు. ఉడతాభక్తిగా మా బడిపిల్లలు ఇంటింటికీ వెళ్ళి బియ్యం, పాతబట్టలు అడిగారు. బస్తాలు మొయ్యడానికి, వీధికుక్కల్ని చూసుకోవడానికి పెద్దవాళ్ళం వెంట నడిచాం. అడగడం, కొలవడం, రాసుకోవడం అన్నీ పిల్లలే. పిల్లలు జోలె పడితే లేదనే ఇల్లాలు ఎవరు? పూటకి లేనివాళ్ళు కూడా పిడికెడు వేశారు.

సాయంత్రం రామాలయం ముందు లెక్క చదివింది మూడో తరగతి పిల్ల. ఒక తవ్వ బియ్యం తేడా వచ్చింది. "పోనీలేమ్మా, తవ్వే కదా" అన్నాడు ఎవరో పెద్దమనిషి. "వాళ్ళు లెక్కపెట్టి వేశారు కదండీ" అందా పిల్ల. మేం కట్టిన బస్తాలన్నీ విప్పి మొదటినుంచి కొలిచాం.