డిజిటల్ పుస్తకాలు, ఆటల కొనుగోలు – వినియోగదారునికి దక్కేది యాజమాన్యమా, అనుమతియా?

వికారాబాద్ జిల్లా మర్పల్లికి చెందిన ఒక విద్యార్థి హైదరాబాద్‌లో పోటీ పరీక్షల పుస్తకమొకటి కొని, బీదర్ వైపు వెళ్ళే రైలులో ఇంటికి తెచ్చుకున్నాడనుకొందాం. చదువు పూర్తయిన పిమ్మట దానిని తమ్మునికి ఇవ్వవచ్చును, గ్రంథాలయానికి విరాళంగా ఇవ్వవచ్చును, ఆబిడ్స్ ఆదివారపు పాత పుస్తకాల సంతలో అమ్ముకొనవచ్చును. ప్రచురణకర్త వ్యాపారం మూసివేసినను ఆ పుస్తకం అతని అలమారలోనే ఉండును. అదే పుస్తకాన్ని సెల్‌ఫోన్‌లో కొన్న యెడల సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదియును వర్తించదు. అయినను తెరపై రెండు సందర్భాల్లోనూ కనిపించే మాట "కొనండి" అన్నదే. వివాదమంతయు ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుచున్నది.

ఈ అంశంపై దేశంలో ప్రధానమైన తీర్పులలో ఒకటి మన రాష్ట్రపు అమ్మకం పన్ను వివాదం నుండే వెలువడినది. మర్పల్లి రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఉమ్మడి రాష్ట్ర కాలంలో, సిద్ధంగా తయారై అంగడిలో అమ్ముడుపోయే సాఫ్ట్‌వేర్‌పై ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం, 1957 క్రింద పన్ను విధించవచ్చునా అన్న ప్రశ్న తలెత్తినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య నడిచిన ఈ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబర్ 5న తీర్పు వెలువరించినది. మేధాసంపత్తి ఒక పుస్తకంగానో, చిత్రపటంగానో, డిస్కుగానో రూపుదాల్చి విక్రయానికి వచ్చిన మీదట అది "సరుకు" అగునని న్యాయస్థానం నిర్ధారించినది. అనగా డిస్కు రూపంలో ఆటను కొన్న వ్యక్తి ఒక వస్తువును కొన్నట్లే. 2021 మార్చి 2న ఇంజనీరింగ్ ఎనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పును ఆధారం చేసుకొని, సాఫ్ట్‌వేర్ ప్రతిని పొందుట వేరు, దాని కాపీరైటును పొందుట వేరు అని స్పష్టం చేసినది. అయితే ఈ రెండు వ్యాజ్యములును పన్నుకు సంబంధించినవే కాని వినియోగదారుని హక్కులకు సంబంధించినవి కావని పాత్రికేయ మిత్రులు గమనించవలెను.

డిస్కు పోయి డౌన్‌లోడ్ వచ్చిన తరువాత పరిస్థితి మారినది. వస్తు సేవల పన్నులో అచ్చు పుస్తకం వస్తువు. దానిపై పన్ను లేదు. ఈ-పుస్తకం మాత్రం సేవల జాబితాలో చేరినది. అచ్చులో కూడా ఉన్న పుస్తకానికి ఎలక్ట్రానిక్ రూపమైన యెడల దానిపై పన్నును 2018 జూలైలో 18 శాతం నుండి 5 శాతానికి తగ్గించిరి. ఒకే రచన కాగితంపై సరుకు, తెరపై సేవ. సామాన్యునికి ఇది వింతగా తోచుట సహజం.

ఇక ఆచరణలో జరుగుచున్నదేమనగా, పుస్తకపు ఫైలుకు సాంకేతిక తాళం వేయబడును. తాళం తెరుచు అనుమతి విక్రేత సర్వర్ నుండి రావలెను. ఖాతా రద్దయినను, దుకాణం మూతపడినను ఫైలు చేతిలో ఉండి కూడ తెరుచుకొనకపోవచ్చును. ఆటల విషయంలో ఇబ్బంది మరింత ఎక్కువ. ఒంటరిగా ఆడుకొనే ఆటలు సైతం కొన్ని సర్వర్‌తో అనుసంధానం లేనిదే ప్రారంభం కావు.

2009 జూలైలో అమెజాన్ సంస్థ, హక్కులు లేని వ్యక్తి విక్రయానికి పెట్టినాడన్న కారణంగా జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని పాఠకుల కిండిల్ పరికరాల నుండి తొలగించి సొమ్ము తిరిగి చెల్లించినది. ఒక విద్యార్థి చదువు నిమిత్తం వ్రాసికొన్న వ్యాఖ్యలు దీనితో నిరుపయోగమై, వ్యవహారం న్యాయస్థానానికి చేరినది. సంస్థ అధిపతి క్షమాపణ చెప్పిరి. తొలగింపబడిన నవలల్లో ఒకటి, ప్రభుత్వం గతాన్ని చెరిపివేయుటను గురించిన "1984" కావడం యాదృచ్ఛికమే.

మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ 2015 డిసెంబరులో ఈ-పుస్తకాల విభాగాన్ని మూసివేసి పాఠకులను కోబో సంస్థకు బదలాయించినది. అదే సంస్థ 2013 జూన్‌లో ఫ్లైట్ అను పాటల దుకాణాన్ని మూసివేసినప్పుడు పరిస్థితి వేరు. ఆ పాటలు తాళం లేని ఎంపీ3 ఫైళ్ళు. డౌన్‌లోడ్ చేసికొని దాచుకొన్నవారి పాటలు దుకాణం పోయిన తరువాత కూడ వినబడినవి. దుకాణపు ఆయుష్షుకన్న తాళం ఉన్నదా లేదా అన్నదే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది. మైక్రోసాఫ్ట్ 2019 జూలైలో తన పుస్తకాల దుకాణాన్ని మూసివేసి, పుస్తకాలు తెరుచుకొనకుండా పోగా సొమ్ము వాపసు చేసినది. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన "ది క్రూ" అను కార్ల పందెపు ఆట సర్వర్లు 2024 మార్చి 31న నిలిచిపోగా, డబ్బు చెల్లించి కొన్నవారికి ఆ ఆటయే లేకుండా పోయినది. దీనిపై ఐరోపాలో మొదలైన ఉద్యమానికి 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు సమకూడినవి.

కాలిఫోర్నియా రాష్ట్రం మరొక మార్గాన్ని అవలంబించినది. అక్కడ 2025 జనవరి 1 నుండి, రద్దు చేయదగిన అనుమతిని మాత్రమే ఇచ్చు విక్రేత ఆ సంగతిని స్పష్టంగా తెలుపకుండా "కొనండి" అన్న పదాన్ని వాడరాదు.

మన దేశపు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అటువంటి ప్రత్యేక నిబంధన చేయలేదు. అయినను వినియోగదారుడు నిస్సహాయుడు కాడు. ఈ-కామర్స్ నిర్వచనంలో "డిజిటల్ ఉత్పత్తులు" స్పష్టంగా చేర్చబడినవి. ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచు ప్రకటన తప్పుదోవ పట్టించు ప్రకటన అగును. సహేతుక కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసికొను షరతు, చట్టం పేర్కొన్న "అన్యాయమైన ఒప్పందం" ఉదాహరణలలో ఒకటి. మండల స్థాయి అధికారులు ఇచ్చట ఒక భేదాన్ని గుర్తుంచుకొనవలెను: సేవాలోపంపై ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో వేయవచ్చును గాని, అన్యాయమైన ఒప్పందంపై ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ స్థాయి నుండి మాత్రమే విచారణార్హం. ఈ భేదం తెలియక తప్పు చోట ఫిర్యాదు వేసినచో కాలం వృథా అగును. గడువు రెండు సంవత్సరాలు మాత్రమే.

తాళాన్ని పగులగొట్టి కాపీ చేసికొనవచ్చునా అన్న సందేహం కూడ తరచు వచ్చును. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించుట శిక్షార్హం. రెండేళ్ళ వరకు జైలు విధించవచ్చును. అదే చట్టపు 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రాము ప్రతిని న్యాయబద్ధంగా కలిగియున్నవారు నష్టం నుండి రక్షణ నిమిత్తం అదనపు ప్రతి చేసికొనుటను అనుమతించుచున్నది. ఆటకు ఇది వర్తించవచ్చును, పుస్తకానికి వర్తించదు.

హైదరాబాద్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో స్థాపించబడినది. ఒక శతాబ్దం క్రిందట కొన్న పుస్తకం అటువంటి సంస్థలో నేటికీ చదువరికి అందుటకు కారణం, అమ్మినవాని అనుమతితో దానికి నిమిత్తం లేకపోవుటే. గ్రంథాలయాలకు ఈ-పుస్తకాలు సమకూర్చు అధికారులు ధరతో పాటు అనుమతి గడువు, దుకాణం మూతపడిన పక్షంలో ప్రతి అప్పగింపు అను రెండు షరతులను ఒప్పందంలో అడుగుట అవసరం. వ్యక్తిగత కొనుగోలుదారులు రసీదును, కొన్ననాటి షరతుల పేజీ నకలును దాచుకొనవలెను. తాళం లేని ఫైలు ఇచ్చు దుకాణాలు కలవు. ఆటలలో జీఓజీ ఇందుకు ఉదాహరణ. అందిన ఫైలును వెంటనే డౌన్‌లోడ్ చేసికొనుట మేలు. కొన్న పుస్తకాలను కంప్యూటర్‌లోనికి దించుకొని యూఎస్‌బీ ద్వారా పరికరానికి మార్చుకొను సదుపాయాన్ని కిండిల్ 2025 ఫిబ్రవరి 26న నిలిపివేసిన సంగతి ఇందుకు హెచ్చరిక.

ఫిర్యాదును మొదట సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపవలెను. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం వారు 48 గంటలలో స్వీకృతి తెలిపి, నెలలోపు పరిష్కరించవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉన్న యెడల జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. ఫిర్యాదుదారు తాను నివసించు ప్రాంతపు కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చును కావున మర్పల్లివాసి సంస్థ కార్యాలయమున్న నగరానికి వెళ్ళనవసరం లేదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుండియే దాఖలు చేయవచ్చును. వీడియో ద్వారా విచారణ కోరు వీలును చట్టం కల్పించినది.